పొయ్యిలో కోడిపెట్ట

రామమోహనరావు తన జీవితంలో "వద్దు" అనే మాట చాలాసార్లే అన్నాడు. అవతలివాళ్లకు వినపడేలా మాత్రం ఒక్కసారీ అనలేదు.

ఆయన "వద్దు"లో పుట్టుకతోనే ఏదో లోపం ఉంది. నోట్లోంచి బయటికి వచ్చేటప్పటికే అది "ఎందుకండీ మీకు శ్రమ" అయిపోతుంది. ఇంకాస్త దూరం నడిచి ఎదుటివాడి చెవిలో పడేటప్పటికి "సరే" అవుతుంది. నల్ల కారు వద్దనుకుంటూ వెళ్లి నల్ల కారే కొనుక్కొచ్చాడు, షోరూమ్ కుర్రాడు కాఫీ ఇచ్చాడని. మూలమీది ఇల్లు వద్దనుకుంటూనే కనాటా అనే ఈ చలిదేశపు ఊళ్లో మూలమీది ఇల్లు కొన్నాడు, ఏజెంటు పాపం నెల్లాళ్లు తిప్పాడని. ఇరవై ఏళ్లుగా ప్రతి చలికాలం మంచు తీసే బండి రెండు వీధుల మంచునూ తెచ్చి ఆయన డ్రైవ్‌వే ముందే పోసి పోతోంది. ఆయన పార పట్టుకుని బయటికి వచ్చి బండివాడికి చెయ్యి ఊపుతాడు, థాంక్యూ అన్నట్టు.

మనవాళ్లు దీన్ని మొహమాటం అంటారు. టెలికాం కంపెనీ నుంచి రిటైరయ్యాక ఆయనకు ఆలోచించుకోవడానికి తీరిక దొరికింది. లైబ్రరీ నుంచి మనస్తత్వశాస్త్రం పుస్తకాలు తెచ్చుకుని, కిటికీ పక్కన కూర్చుని, తన జబ్బుకు వాటిలో పేరు వెతికాడు. దగ్గరి చుట్టాల్లాంటి మాటలు చాలా దొరికాయి గానీ సరిగ్గా ఇది దొరకలేదు. ఎదుటివాడి ముఖం ఒక్క క్షణం చిన్నబోతుందేమోనన్న బెంగతో మన బతుకంతా వాడి చేతిలో పెట్టెయ్యడం! చివరికి ఒక మధ్యాహ్నం తనే తేల్చుకున్నాడు: ఇందులో దయ ఏమీ లేదు, ఎదుటివాడి ముఖాన్ని అద్దంలా పట్టుకుని అందులో మన మంచితనం చూసుకునే అలవాటు ఇది. ఇంత గొప్ప సత్యం కనిపెట్టిన సాయంత్రమే ఆయన పక్కింటి మార్గరెట్ అమ్ముతున్న, లాటరీలాంటి రాఫిల్ టికెట్లు ఒక కట్ట కొన్నాడు.

ఆయన ఆఫ్రికా వెళ్లడం కూడా అలాగే జరిగింది.

కనాటాలో తెలుగువాళ్లు కొందరు కలిసి 'చేయూత' అని ఒక సేవాసంస్థ పెట్టుకున్నారు. దాని అధ్యక్షుడు విశ్వనాథం. మలావిలో కమ్‌వెండో అనే చిన్న ఊరు ఎంచుకుని, అక్కడి ఆడవాళ్ల కళ్లకు, ఊపిరితిత్తులకు మేలు జరగాలని ఇంటింటికీ పొగ రాని పొయ్యి కట్టించాలని తీర్మానించారు. కిందటి మే నెలలో ఎవరిదో గృహప్రవేశం భోజనాల్లో విశ్వనాథం పెరుగన్నం కలుపుకుంటూ, "మీరు ఖాళీయే కదండీ రావుగారూ, ఒక ఆరు వారాలు వెళ్లి దగ్గరుండి పొయ్యిలు కట్టించి రారాదూ?" అన్నాడు. "చూద్దాం లెండి" అన్నాడు ఆయన. ఆయన ఉద్దేశంలో అంతకంటే గట్టి నిరాకరణ లేదు. వారం తిరక్కుండా టికెట్టు, టీకాలు, ఆయన పేరు అచ్చువేసిన టీషర్టు అన్నీ సిద్ధమైపోయాయి.

జులైలో వెళ్లి ఆగస్టులో వచ్చాడు. ఎస్నాత్ అనే స్కూలు టీచరు ఇంట్లో బస. ఆమె తన గది ఆయనకిచ్చి, తను చెల్లెలింట్లో పడుకునేది. పొద్దున్న గంజి, మధ్యాహ్నం మొక్కజొన్న ముద్ద, ఆకుకూర. ఎంత పెట్టినా ఆయన సగం చాలనేవాడు. తను తినే ప్రతి ముద్దా ఆ ఇంట్లో ఎవరిదో అనిపించేది. పగలు బడి ఆవరణలో ఇటుకలు, బంకమట్టి, రేకుగొట్టాలు. సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి చూసేవాడు. ప్రతి వంటింట్లోనూ కొత్త పొయ్యి భగభగ మండుతూ ఉండేది, పొగ గొట్టంలోంచి బుద్ధిగా పైకి పోతూ ఉండేది, ఆడవాళ్లు నవ్వుతూ పలకరించేవారు. తన చేతులతో ఒక పని చేసి, అది పనిచేయడం కళ్లారా చూడటం ఆయనకు అరవై మూడేళ్లలో అదే మొదలు. కంపెనీలో ముప్పై ఏళ్లు రాసిన ప్రోగ్రాములు ఏ తీగలో, ఏ పెట్టెలో నడిచాయో ఆయనకే తెలీదు.

అంతా బాగానే ఉండేది, ఆ పొద్దున కళ్లజోడు మర్చిపోకపోతే.

బడి దాకా వెళ్లినవాడు జోడు కోసం చెప్పాపెట్టకుండా వెనక్కి వచ్చాడు. పెరట్లో మూడు రాళ్ల మీద కుండ ఉడుకుతోంది. ఎస్నాత్ వంగి పుల్లలు ఎగదోస్తూ పాడుకుంటోంది. పొగలో ఆమె ముఖం హాయిగా ఉంది. వంటింట్లోకి తొంగి చూశాడు. పొగ రాని పొయ్యి చల్లగా ఉంది; దాని నోట్లో, ఎండుగడ్డి పరుచుకుని, ఎర్రటి కోడిపెట్ట ఒకటి పొదిగి కూర్చుని ఉంది. అది ఆయన్ని చూసింది, ఆయన దాన్ని చూశాడు. ఇద్దరిలో ముందు కళ్లు తిప్పుకున్నది ఆయనే.

జోడు తీసుకోకుండానే బడికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మళ్లీ ఇల్లిల్లూ తిరిగితే మళ్లీ అన్ని పొయ్యిలూ మండుతున్నాయి, అందరూ నవ్వుతున్నారు. కానీ ఇప్పుడు ఆయనకు ఆ నవ్వు తెలుసు. అది ఆయన నవ్వే. అద్దంలో ఇన్నేళ్లుగా చూస్తున్న నవ్వు.

ఎందుకంటే కనాటాలో ఆయనింట్లో కూడా అలాంటి పొయ్యి ఒకటి ఉంది, బొమ్మ రూపంలో. మార్గరెట్ కుండల క్లాసులో చేరి, మూస్ అనే ఇక్కడి అడవి దుప్పి బొమ్మ చేసి వాళ్లకు బహుమతిగా ఇచ్చింది. మోకాలెత్తు ఉంటుంది. కొమ్ములు విరిగిన గొడుగుల్లా ఉంటాయి. రావుగారి భార్య కమలకుమారి దాన్ని "దున్నపోతు" అంటుంది. అది నివాసముండేది బేస్‌మెంటులో, ఇల్లు వేడిచేసే ఫర్నేసు పక్కన. మార్గరెట్ వస్తోందంటే మాత్రం మెట్లెక్కి వచ్చి ముందుగది కిటికీలో నిలబడుతుంది. అంతెందుకు, ఆయన చిన్నప్పుడు ఒంగోల్లో వాళ్లింట్లో కూడా గవర్నమెంటువాళ్లు పొగ రాని పొయ్యి కట్టి వెళ్లారు. అధికారి వచ్చినప్పుడు వాళ్లమ్మ అందులో నాలుగు పుల్లలు వెలిగించేది. మిగతా రోజుల్లో అందులో పిల్లి ఈనేది.

కాబట్టి రామమోహనరావుకు అనుమానం లేదు. ఆ ఊరంతా ఆయన దగ్గర మొహమాటపడుతోంది.

*

అప్పుడే చెప్పి ఉండాల్సింది. కానీ విమానం దిగిన ఆదివారమే గుళ్లో పదిమంది చుట్టూ చేరి "ఆఫ్రికా రావుగారు" అని పిలిచారు. ఇది ఆయన ఎవరితోనూ అనలేదు గానీ, ఆ పిలుపు ఆయనకు నచ్చింది. రిటైరైన నాటి నుంచి ఫలానా కమలకుమారిగారి భర్తగా, పార్కింగులో తాళాలు పట్టుకుని నిలబడే మనిషిగా బతుకుతున్నవాడికి ఒక పేరు దొరికింది. ఆ పేరు కోడిపెట్ట మీద కూర్చుని ఉంది. లేపితే రెండూ పోతాయి.

నవంబరు మధ్యకు వచ్చేసరికి విశ్వనాథం పెద్ద ప్రణాళిక వేశాడు. ఇంకో రెండు వందల పొయ్యిలు. ఈసారి క్రిస్మస్ సెలవుల్లో పదిమంది కాలేజీ పిల్లలు కూడా. వాళ్లకు నాయకుడిగా రావుగారు. శనివారం పొద్దున స్కూలు జిమ్‌లో సభ, ఊరివాళ్లతో తెర మీద వీడియో కాల్, ఆ తర్వాత భోజనాలు.

"డిసెంబరు, జనవరి అంటే అక్కడ గాదెలు అడుగంటే కాలం" అన్నాడు ఆయన ఆ వారమంతా భార్యతో, దుప్పట్లు మడుస్తూ, గిన్నెలు కడుగుతూ. "ఎస్నాతే చెప్పింది. ఒంటిపూట తింటారట. మన పిల్లలు పదిమంది వెళ్లి పదిళ్లలో కూర్చుంటే వాళ్లు ఆ పూట కూడా మానేసి వీళ్లకు పెడతారు. పెట్టి నవ్వుతారు."

"అయితే వద్దని చెప్పండి."

"చెప్తాను."

"మీరా?" అంది కమలకుమారి.

ఆ రెండక్షరాల్లో ముప్పై ఆరేళ్ల సంసారం ఉంది. ఆయన గడ్డం గీసుకుంటూ అద్దంలో అభ్యాసం చేశాడు. "పొయ్యిలు వద్దు." అద్దంలోని మనిషి నొచ్చుకున్నట్టు కనిపించాడు. "పొయ్యిలు ప్రస్తుతానికి..." అని మొదలుపెట్టి, గీసుకుని, తెగ్గోసుకున్నాడు.

*

శనివారం జిమ్ గుమ్మంలో మంచుబూట్లు గుట్టపడ్డాయి. బాస్కెట్‌బాల్ బుట్ట కింద తెర. తెర ముందు విశ్వనాథం కూతురు ఇషిత లాప్‌టాప్‌తో కుస్తీ పడుతోంది. వెళ్లబోయే పదిమందిలో ఆ పిల్ల కూడా ఉంది.

"అంకుల్, డూ దే హావ్ వైఫై?"

"లేదమ్మా."

"ఓకే. ఇట్స్ లైక్ ఎ డీటాక్స్" అంది ఇషిత, ధైర్యం చెబుతున్నట్టు.

విశ్వనాథం ఉపన్యాసం అయ్యాక తెర మీద కమ్‌వెండో వెలిగింది. అక్కడ సాయంత్రం. ఎవరో ఫోను పట్టుకున్నారు, దృశ్యం అటూ ఇటూ ఊగుతోంది. ముందు వరుసలో ఎస్నాత్, వెనక పదీ పన్నెండు మంది ఆడవాళ్లు. రామమోహనరావు గుండె తనకు తెలియకుండానే కొంచెం తేలికపడింది, సొంతవాళ్లను చూసినట్టు.

"మిస్టర్ రావ్!" అంది ఎస్నాత్ ఇంగ్లీషులో. "కోళ్లు బాగున్నాయి. మీరు చూసిన ఎర్రది పిల్లల్ని చేసింది."

జిమ్ అంతా "అయ్యో, ఎంత ముద్దుగా చెప్పిందో" అని మురిసిపోయింది. ఆయన మాత్రం కుర్చీ అంచుకు జరిగాడు. ఆమెకు తెలుసు. తను చూసిన సంగతి ఆమెకు తెలుసు. ఏడెనిమిది వేల మైళ్ల దూరం నుంచి, ఇంతమంది ముందు, ఎవరికీ తెలియకుండా తనను సాయం అడుగుతోంది.

"మేడమ్, ఇంకా రెండు వందల పొయ్యిలు పంపిస్తాం, పిల్లల్నీ పంపిస్తాం. మీకు ఇష్టమేనా?" అని విశ్వనాథం మైకులో అడిగాడు.

"ఇష్టం. చాలా ఇష్టం. రండి, రండి" అంది ఎస్నాత్. వెనక ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు, నవ్వారు. అదే నవ్వు. కాల్ తెగిపోయింది.

ఆయన లేచాడు.  మైకు అందుకుని, "వద్దండీ" అన్నాడు.

విశ్వనాథం నవ్వాడు. "చూశారా? పేరొద్దు, సన్మానమొద్దు అంటున్నారు. శాలువా తెచ్చామని ఎలా తెలిసిందో మరి!"

"అది కాదు. నేను అనేది, పొయ్యిలు వద్దు."

"తెలుసండీ! పొయ్యిలు కాదు ముఖ్యం, మనుషులు ముఖ్యం అంటారు మీరు. ఆరోజు నాతో కూడా అన్నారు. సరే, మీ మాటే. పదిమంది కాదు, పదిహేనుమందిని పంపుదాం!"

చప్పట్లు. శాలువా వచ్చి భుజాల మీద పడింది. ఆయన మూడోసారి "వద్దు" అన్నాడు, అప్పటికి మైకు ఆయన చేతిలో లేదు. ముందు వరుసలో కమలకుమారి భర్త వైపు చూసింది. ఆ చూపులో వెటకారం లేకపోవడమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

శాలువాతోనే భోజనాల వరుసలో నిలబడ్డాడు.  నిజానికి ఇందులో విశ్వనాథం తప్పేముంది, అనుకున్నాడు. మన దేశంలో వడ్డించేవాడు మొదటి "వద్దు"ను లెక్కలోకి తీసుకోడు. రెండోదాన్ని మర్యాద అనుకుంటాడు. మూడోదానికి గరిటె ఇంకాస్త నింపుతాడు. వద్దన్నవాడి విస్తట్లో పడకపోతే వడ్డించినవాడికి పరువు తక్కువ. ఇంతమంది ఇన్ని తరాలుగా ఒకరి "వద్దు" ఒకరు వినకుండా ఉండటం నేర్చుకున్నారు. అందులోకి తను ఈరోజు ఒక నిజమైన "వద్దు"ను పట్టుకొచ్చాడు, చెల్లని నోటులా.

బగారా అన్నం, గుత్తివంకాయ తిన్నాడు. చేయూతలో వంటలన్నీ చూసే సరోజన గులాబ్ జామ్ గిన్నెతో వచ్చింది. కరీంనగర్ మనిషి. ఆమె చేతిలో గిన్నె ఉంటే జనరల్ చేతిలో కత్తి ఉన్నట్టే.

"ఒక్కటి వేసుకోండి రావుగారూ."

"వద్దండీ. షుగరు."

"గట్ల అంటే ఎట్ల? ఆఫ్రికా పోయేటోళ్లకు బలం ఉండాలె." ఒకటి పడింది.

"నిజంగా వద్దమ్మా."

"అబ్బా, మీకు మొహమాటం ఎక్కువ. నాకెరుక గదా!" రెండోది పడింది. గరిటె మూడోదాని కోసం గిన్నెలోకి దిగింది.

అప్పుడు రామమోహనరావు చెయ్యి, ఆయనతో సంప్రదించకుండా, ఒక పని చేసింది. కాగితం ప్లేటును, రెండు గులాబ్ జామ్‌లతో సహా, విస్తరి మడిచినట్టు సగానికి మడిచేసింది. పాకం వేళ్ల మీదుగా, చొక్కా కఫ్‌లోకి, శాలువా అంచు మీదికి కారింది.

"వద్దన్నాను సరోజనగారూ" అన్నాడు. గొంతు ఆయనకే కొత్తగా ఉంది.

సరోజన గరిటె గాల్లో ఆగిపోయింది. ఆమె ముఖం చిన్నబోయింది. ఏ ముఖం చిన్నబోకూడదని ఆయన జీవితమంతా కాపలా కాశాడో అదే ముఖం, కళ్లముందు, నిదానంగా, పూర్తిగా చిన్నబోయింది. చుట్టుపక్కల చెంచాలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఆయనకు ఒక విషయం అర్థమైంది: ఎవరో ఒకరు గాయపడితే గాని "వద్దు" వినపడదు. గాయం అయిపోయింది కాబట్టి ఇక మాట్లాడేయొచ్చు.

"విశ్వనాథం గారూ, మీకూ ఇందాక వినపడలేదు. ఆ ఊరికి పొయ్యిలు వద్దు. మనం కట్టిన పొయ్యిలో కోడి పొదుగుతోంది. నేను చూశాను. వాళ్లు బయట మూడు రాళ్ల మీదే వండుకుంటారు, నేను వెళ్తే మాత్రం లోపల మంట పెడతారు. జనవరిలో వాళ్లది ఒంటిపూట తిండి. మన పిల్లలకు మూడు పూటలా పెడతారు. వాళ్లు వద్దనరు. నాకు తెలుసు."

విశ్వనాథం నోట్లోని ముద్ద మింగడానికి కొంచెం సేపు పట్టింది. "వాళ్లను అడిగారా మీరు?"

"అడిగితే చెప్పరండీ."

"మరి ఇన్ని నెలల నుంచి మాకెందుకు చెప్పలేదు?"

రామమోహనరావు నిజమే చెప్పాడు. "మొహమాటం వేసింది."

ఎవరూ నవ్వలేదు. ఇషిత ఒక్కతే తండ్రి వైపు తిరిగి, "సో వి ఆర్ నాట్ గోయింగ్?" అంది. విశ్వనాథం లేచి చెయ్యి కడుక్కున్నాడు. వచ్చి, ఎంతో మర్యాదగా, "మంచిదండీ. మీరే వద్దంటే ఇంకేముంది. ఆపేద్దాం" అన్నాడు. ఆ "అండీ"లో మంచు కురిసింది.

కారు హైవే ఎక్కాక, "గుత్తివంకాయ బాగా కుదిరింది సరోజనకి. మళ్లీ ఎప్పుడు తింటామో" అంది కమలకుమారి.

ఆయన వినిపించుకోలేదు. స్టీరింగుకు కఫ్ అంటుకుపోతోంది. ఒంట్లో ఏదో తేలిగ్గా, ప్రమాదకరంగా పాడుతోంది. ఒక ఊరిని అతిథుల బారి నుంచి కాపాడాడు. అరవై మూడేళ్ల వయసులో, పాకం కారుతున్న చేత్తో, ఆయన మొదటిసారి ఒక మనిషయ్యాడు.

*

ఆదివారం పొద్దున కాఫీ తాగి, శుభవార్త చెబుదామని ఎస్నాత్‌కు ఫోన్ చేశాడు.

అవతల ఏదో హోరు. "వాన, మిస్టర్ రావ్! మొదటి వాన!" అని ఆమె అరిచింది. వాన వెనక పుల్లలు చిటపటమంటున్నాయి, ఒక కోడి ఎడతెగకుండా తిడుతోంది.

"ఏం చేస్తున్నారు?"

"వంట. వాన కదా, లోపల, మీ పొయ్యి మీద. ఎర్రది మళ్లీ అందులోనే కూర్చుంటే పొద్దున్నే లేపేశాను. అందుకే ఆ గోల."

రామమోహనరావు కాఫీ కప్పు కింద పెట్టాడు. ఆమె తన కోసం అబద్ధం చెబుతోందా అని మొదట అనుకున్నాడు. కోడి మాత్రం ఆయన కోసం అంతసేపు నటించదు.

"మీరు దాన్ని వాడరేమో అనుకున్నాను" అన్నాడు మెల్లగా.

"వానల్లేని నెలల్లో లోపల కూర్చుని ఎవరు వండుతారు? బయట గాలి, నలుగురు మనుషులు. మీరు ఇంటింటికీ వచ్చి చూసేవారు కదా, పాపం అంత దూరం నుంచి వచ్చారు అని అప్పుడు లోపల వెలిగించేవాళ్లం. కానీ వానల్లో? ఇక నాలుగు నెలలు పొగలో ఏడ్చే పని తప్పింది." ఆమె నవ్వింది. "మీకు ఆ కోడంటే ఇష్టమని దాన్ని కొయ్యలేదు కూడా. ఆ రోజు కిటికీలోంచి చూశాను, ఎంతసేపు దాన్నే చూస్తూ నిలబడ్డారో!"

 అయితే నిన్న తెర మీద ఆమె అన్నది సాయం అడిగిన సంకేతం కాదు. నిజంగా కోడి సమాచారమే.

"పిల్లలు ఎప్పుడొస్తున్నారు?" అంది ఎస్నాత్.

"వాళ్లు... రావడం లేదు, ఎస్నాత్. వద్దని చెప్పాను. మీకు భారమవుతుందని."

అవతల కుండ మీద మూత పెట్టిన చప్పుడు. తర్వాత ఆమె, "ఓ! పర్వాలేదు, మిస్టర్ రావ్. పర్వాలేదు" అంది.

ఆ "పర్వాలేదు" ఆయన చెవిలో సూదిలా దిగింది. ఇన్నాళ్లూ ఆ ఊరి ప్రతి ముఖంలోనూ వెతికి వెతికి కనిపెట్టాననుకున్నది ఇప్పుడు మొదటిసారి, అసలు సరుకు, వినిపించింది. పొరపాటు పడే అవకాశమే లేదు. ఆ స్వరం ఆయన మాతృభాష.

"ఎస్నాత్, ఒకటి అడగనా?" అన్నాడు. అడగడం ఎంత కష్టమో ఆ క్షణాన తెలిసింది. ఆరు వారాలు ఆ ఇంట్లో ఉండి ఆయన ఆమెను ఒక్క ప్రశ్నా అడగలేదు, ఆమెకు ఇబ్బందవుతుందని. "నేనున్నప్పుడు, నా తిండికి... మీకెవరైనా ఏమైనా ఇచ్చారా?"

"ఇవ్వకుండా ఎలా?" ఆమె గొంతులో ఆశ్చర్యం. "పొయ్యిల పని చూసే ఇక్కడి ఆఫీసువాళ్లు అతిథి ఉన్న ఇంటికి మొక్కజొన్న బస్తాలు ఇస్తారు. మీరు పిట్టలా తినేవారు. మిగిలింది మాకు చాలా రోజులు వచ్చింది. మిమ్మల్ని మా ఇంటికే పంపమని నేను వెళ్లి పోట్లాడి మరీ తెచ్చుకున్నాను!" ఆమె మళ్లీ నవ్వి, నవ్వు మధ్యలో ఆపి, "ఈసారి జనవరి కదా, తిండి తక్కువ, అందుకని నా చెల్లెలూ, ఇంకొందరూ పేర్లు ఇచ్చారు. ఏం కాదు. నేను చెప్తాను వాళ్లకు" అంది.

ఫోన్ పెట్టేశాక ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుండిపోయాడు. లైబ్రరీ పుస్తకాలు వరసగా ఆయన్నే చూస్తున్నాయి. ప్రపంచంలో అందరూ తనలాంటివాళ్లే అనుకోవడానికి కూడా వాటిలో ఒక పేరుంది. పేరు గుర్తుంది గానీ ఇప్పుడు దానితో పని లేదు.

బేస్‌మెంటు మెట్ల మీద కమలకుమారి రొప్పుతూ వస్తోంది, చంకలో దున్నపోతు. "మార్గరెట్ టీకి వస్తానంది. కాస్త పట్టుకోండి."

ఆయన బొమ్మను అందుకుని, కిటికీలో నిలబెట్టి, దాని గొడుగు కొమ్ముల్ని కాసేపు చూశాడు. "ఇది మనం ఇక్కడ పెట్టుకోవాలని ఆవిడకు ఉందో లేదో ఎప్పుడైనా అడిగామా?"

"ఏమైందండీ మీకు నిన్నట్నుంచి?" అంది కమలకుమారి. ఆయన అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు.

*

విశ్వనాథం ఇల్లు పది నిమిషాల దూరం. తలుపు తీసినవాడు విశ్వనాథమే. చేతిలో పేపరు, ముఖంలో నిన్నటి మర్యాద.

"రండి రావుగారూ."

ఆయన గుమ్మంలోనే, బూట్లు విప్పకుండానే, మొత్తం చెప్పేశాడు. వాన, పొయ్యి, బస్తాలు, పేర్లిచ్చిన ఆడవాళ్లు. తను చూసింది నిజమే గానీ అనుకున్నది తప్పని చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఎదుటి ముఖం వైపు చూడకుండా అక్కడ ఆరబెట్టిన చేతితొడుగుల వైపు చూశాడు. అలా అయితే మాటలు వెన్నెముకతో బయటికి వస్తున్నాయి.

"పిల్లల్ని పంపుదాం. పదిమందినే. వాళ్లతో నేనూ వెళ్తాను" అని ముగించాడు.

విశ్వనాథం పేపరు మడిచాడు. చాలా సౌమ్యంగా, "ఇంకెందుకులెండి. నిన్న అందరి ముందూ చెప్పేశాం కదా, ఆగిపోయిందని. పిల్లలు కూడా వేరే ప్లాన్లు వేసుకుంటారు. వద్దులెండి" అన్నాడు.

జీవితమంతా రామమోహనరావు ఇలాంటి చోట, ఇలాంటి స్వరం విని, "సరే మీ ఇష్టం, ఉంటానండీ" అని వెనక్కి తిరిగేవాడు. ఇప్పుడూ ఒక కాలు తలుపు వైపు తిరిగింది కూడా. అంతలో సరోజన గరిటె గుర్తొచ్చింది. వద్దన్నా వినకుండా మూడోసారి గిన్నెలోకి దిగిన గరిటె.

తిరిగిన కాలును వెనక్కి తెచ్చుకున్నాడు. గుమ్మం పక్కన బూట్లు విప్పుకునే బల్ల మీద కూర్చుని, మెల్లగా లేసులు విప్పడం మొదలుపెట్టాడు.

"వద్దంటున్నాను కదండీ" అన్నాడు విశ్వనాథం, కొంచెం కంగారుగా.

"విన్నానండీ" అన్నాడు రామమోహనరావు, రెండో బూటు వైపు వంగుతూ. "ఇంకోసారి అనండి. ఇంతలో కాఫీ కూడా పెట్టించండి."